నాలుగుకీ ఎనిమిదికీ మధ్య ఇరవై నాలుగు సున్నాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రేడియోధార్మికత మీదే. పోయిన సంచికలో కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని గురించి రెండు ముక్కలు రాశాం కదా, ఆ దెబ్బ. అన్నిటికీ జవాబు రాయాలంటే పత్రిక మొత్తం నాకే ఇచ్చేయాలి, కాబట్టి ఐదు తీసుకున్నా. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది. మిగతావాళ్లు అలగొద్దు, ప్రశ్న అలాంటిది.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నా. గైగర్-నట్టాల్ నియమం అని పుస్తకంలో ఒక సూత్రం ఇచ్చి వదిలేశారు. ఎక్కువ శక్తి ఉన్న ఆల్ఫా కణాన్ని విడిచే కేంద్రకానికి అర్ధాయువు తక్కువ అని రాశారు, సరే. కానీ థోరియం ఆల్ఫా శక్తి 4, పోలోనియం-212 ది 8.8, రెట్టింపు కంటే కాస్త ఎక్కువ, అంతే. అర్ధాయువులు చూస్తే ఒకటేమో 1,400 కోట్ల ఏళ్లు, ఇంకోటి సెకనులో పది లక్షల వంతు కూడా లేదు. ఇదేం లెక్క సార్? మా లెక్చరర్‌ని అడిగితే పరీక్షకి ఇంతే చాలు అన్నారు.

జవాబు: పరీక్షకి అంతే చాలు నాయనా, ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ నువ్వు పట్టుకున్నది మామూలు విషయం కాదు. థోరియం-232 విడిచే ఆల్ఫా శక్తి 4.01 ఎంఈవీ, అంటే దాదాపు 40 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం అది). పోలోనియం-212 ది 8.78. రెండింటి అర్ధాయువుల్నీ సెకన్లలోకి మార్చి ఒకదాన్ని ఇంకోదానితో భాగించి చూడు, 1 పక్కన 24 సున్నాలు వస్తాయి. బియ్యం ధర రెట్టింపైతే మనం తినే అన్నం సగమవుతుంది, మరీ కష్టమైతే పావు అవుతుంది, అంతేగానీ మెతుకులో కోటి వంతుకు పడిపోదు కదా. ఇక్కడ మాత్రం అలాగే పడిపోతుంది.

సైన్సు వదిలేసి చాలా కాలమైనవాళ్ల కోసం ఒక్క మాట. అర్ధాయువు అంటే (పాఠ్యపుస్తకాల్లో అర్ధ జీవిత కాలం అంటారు) మన దగ్గరున్న అణువుల్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం. ఆల్ఫా కణం అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద, హీలియం కేంద్రకమే అది (కేంద్రకం అంటే అణువు నడుమ ఉండే గింజ). బరువైన కేంద్రకం ఆ ముద్దను బయటికి ఉమ్మేసి తాను వేరే మూలకంగా మారిపోతుంది. మూలకం పేరు పక్కన వేసే 212, 232 లాంటి అంకె దాని కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం.

ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, అణువుకి కేంద్రకం ఉందని చెప్పిన రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పనిచేసిన హాన్స్ గైగర్, జాన్ మిచెల్ నట్టాల్. 1911 నాటి మాట. ఆల్ఫా కణం గాలిలో ఎంత దూరం వెళ్లి ఆగిపోతుందో వాళ్లు కొలిచారు. శక్తి ఎక్కువైతే ఎక్కువ దూరం వెళ్తుంది, అంటే దూరం కొలిస్తే శక్తి కొలిచినట్టే. యురేనియం-238 ఆల్ఫా మూడు సెంటీమీటర్లు కూడా పోదు, పోలోనియం-214 ఆల్ఫా దాదాపు ఏడు సెంటీమీటర్లు పోతుంది. ఈ దూరం లాగరిథాన్ని (1 పక్కన ఎన్ని సున్నాలో చెప్పే అంకె అనుకోండి) ఒక అక్షం మీద, మూలకం ఎంత త్వరగా తరుగుతోందో దాని లాగరిథాన్ని ఇంకో అక్షం మీద వేస్తే చుక్కలన్నీ ఇంచుమించు ఒక గీత మీద కూర్చున్నాయి. ఎందుకు కూర్చున్నాయో మాత్రం వాళ్లకీ తెలియదు, రూథర్‌ఫర్డ్‌కీ తెలియదు. 17 ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

ఈలోపు ఇంకో తలనొప్పి వచ్చిపడింది, నా లెక్కలో అసలు కథ ఇక్కడే ఉంది. రూథర్‌ఫర్డ్ బృందం దగ్గర 8.78 ఎంఈవీ ఆల్ఫాలు ఉండేవి. ఇవి నువ్వు రాసిన పోలోనియం-212 నుంచి వచ్చేవే. వాటిని యురేనియం మీదికి కొడితే లోపలికి దూరలేక వెనక్కి వస్తున్నాయి. ఆల్ఫాకి ధనావేశం, కేంద్రకానికీ ధనావేశం, రెండూ తోసుకుంటాయి, అందుకని కేంద్రకం చుట్టూ ఒక కొండ ఉన్నట్టే లెక్క. ఆ కొండ ఎత్తు కనీసం 8.78 కంటే ఎక్కువ ఉండాలి అని తేలింది (ఇప్పటి లెక్క ప్రకారం 28 ఎంఈవీ దాకా ఉంటుంది). మరి అదే యురేనియం లోపలి నుంచి బయటికొచ్చే ఆల్ఫాకి ఉన్న శక్తి ఎంతయ్యా అంటే, 4.2! కొండ ఎక్కి దిగివచ్చినవాడు కనీసం కొండంత ఎత్తు నుంచి జారిన వేగంతో రావాలి కదా, వీడేంటి ఆరో వంతు ఎత్తు నుంచి జారినట్టు వస్తున్నాడు?

1928లో దీనికి జవాబు దొరికింది. ఒకేసారి రెండు చోట్ల దొరికింది. జర్మనీలోని గోటింగెన్‌కి వేసవికి వచ్చిన జార్జ్ గామోవ్ అనే 24 ఏళ్ల కుర్రాడు ఒక పక్క, అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఉన్న రోనాల్డ్ గర్నీ, ఎడ్వర్డ్ కాండన్ ఇంకో పక్క. ఆల్ఫా కొండ ఎక్కడం లేదు, కొండలోంచి దూరి వస్తోంది అన్నారు. క్వాంటమ్ మెకానిక్స్ అప్పుడప్పుడే పుట్టింది, అందులో కణానికి తరంగ స్వభావం ఉంటుంది కాబట్టి గోడకి ఇవతలున్నది అవతల కనిపించే అవకాశం ఎంతో కొంత ఉంటుంది, సున్నా కాదు. దీన్నే టన్నెలింగ్ అంటారు, తెలుగులో సొరంగ ప్రభావం అని రాస్తారు. (అదే 1928లో గైగర్ కూడా తన శిష్యుడు ముల్లర్‌తో కలిసి ఇప్పుడు ప్రతి ల్యాబులో ఉండే రేడియేషన్‌ని లెక్కపెట్టే గైగర్-ముల్లర్ కౌంటర్ తయారుచేశాడు. తన పాత గీతకి అర్థం దొరికిన ఏడాదే.)

ఇప్పుడు నీ సున్నాల సంగతి. కపిలతీర్థం దగ్గర నిలబడి కొండ వైపు చూడు. మన వైపు గోడలా నిటారుగా లేచి ఉంటుంది. అవతలి వైపు వాలు మెల్లగా, చాలా దూరం దాకా దిగుతూ పోతుందని ఊహించుకో. కేంద్రకం చుట్టూ ఉన్న కొండ ఆకారం అచ్చం అదే: లోపలి వైపు నిటారు, బయటి వైపు సాగిపోయే వాలు. ఇప్పుడు ఇటు నుంచి అటు అడ్డంగా సొరంగం వేయాలి. కపిలతీర్థం మట్టంలోనే మొదలుపెడితే వాలు చివర దాకా మైళ్లకు మైళ్లు తవ్వాలి. అదే నడి కొండ ఎత్తున మొదలుపెడితే? కొండ అక్కడ సన్నబడి ఉంటుంది, తవ్వాల్సిన దూరం బాగా తగ్గిపోతుంది, పైగా నెత్తి మీద కొండ కూడా తక్కువే. ఆల్ఫా శక్తి అంటే ఆ సొరంగం మొదలయ్యే ఎత్తు.

అంకెల్లో చెప్తా. యురేనియం-238 లోని ఆల్ఫా కేంద్రకం మధ్య నుంచి దాదాపు 9 ఫెమ్టోమీటర్ల దగ్గర గోడలోకి దూరితే 60 దగ్గర గానీ బయటపడదు (ఫెమ్టోమీటరు అంటే మీటరులో పది కోట్ల కోట్ల వంతు). పోలోనియం-214 ఆల్ఫాకి 7.69 ఎంఈవీ ఉంది, అది 30 దగ్గరే బయటపడుతుంది. అంటే ఒకదానికి 50 మందం గోడ, ఇంకోదానికి 20. బయటపడ్డాక రెండూ వాలు మీద జారుతూ వేగం అందుకుంటాయి, మనం కొలిచే శక్తి అదే. కొండ శిఖరం నుంచి జారలేదు కాబట్టి 28 రాదు, 4.2 వస్తుంది, రూథర్‌ఫర్డ్ తలనొప్పి పోయింది.

యాభైకీ ఇరవైకీ తేడా రెండున్నర రెట్లే కదా అంటావు. నిజమే, కానీ గోడ దాటే అవకాశం మందంతో పాటు తగ్గేది కూడికల్లో కాదు, గుణకారాల్లో. దర్శనం క్యూలో ఒక్కో గేటు దగ్గర పదిమందిలో ఒక్కర్నే వదులుతారనుకో (నిజంగా అలా చేస్తే ఊరుకుంటామా, అది వేరే సంగతి). రెండు గేట్లు దాటేది వందలో ఒకరు, మూడు దాటేది వెయ్యిలో ఒకరు. గేట్లు 17 ఉంటే 1 పక్కన 17 సున్నాలు, 38 ఉంటే 38 సున్నాలు. గేట్లు పెరిగింది రెండు రెట్ల పైచిలుకే, కానీ లోపలికి చేరేవాళ్లు 21 సున్నాల మేర తగ్గిపోయారు. ఈ 17, 38 అనే అంకెలు ఊరికే వేసినవి కావు. ఆల్ఫా కేంద్రకంలో అటూ ఇటూ కొట్టుకుంటూ సెకనుకి గోడని సుమారు 1 పక్కన 21 సున్నాలన్ని సార్లు తడుతుంది. పోలోనియం-214 అర్ధాయువు 164 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు), ఆలోపు అది గోడని తట్టేది 1 పక్కన 17 సున్నాలన్ని సార్లు. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, ఆలోపు తట్టేది 1 పక్కన 38 సున్నాలన్ని సార్లు. అన్నిసార్లు తడితే ఒకసారి తలుపు తెరుచుకునేంత అవకాశం సగానికి సగం.

ఈ లెక్కని గణితంలో పెడితే అర్ధాయువు లాగరిథం, కేంద్రకపు ఆవేశాన్ని శక్తి వర్గమూలంతో భాగించగా వచ్చేదాన్ని బట్టి నడుస్తుంది అని వస్తుంది. మీ పుస్తకంలో సూత్రం అదే. కంఠస్థం చేసేకన్నా గ్రాఫ్ పేపరు తీసుకుని పోలోనియం ఒక్కదాన్నే గీసి చూడు, ఎందుకంటే మూలకం ఒకటే అయితే ఆవేశం మారదు, శక్తి ఒక్కటే మారుతుంది. పోలోనియం-212 కి 8.78 ఎంఈవీ, 0.3 మైక్రోసెకన్లు. 214 కి 7.69, 164 మైక్రోసెకన్లు. 216 కి 6.78, సెకనులో ఏడో వంతు. 218 కి 6.00, 3.1 నిమిషాలు. అడ్డంగా 1 బై వర్గమూలం శక్తి, నిలువుగా సెకన్ల లాగరిథం. నాలుగు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద పడతాయి, స్కేలు పెడితే నీకే ముచ్చటేస్తుంది.

ఆ తర్వాత ఐదో చుక్క పెట్టు: పోలోనియం-210, 5.30 ఎంఈవీ, 138 రోజులు. అది గీతకి బాగా పైన పడుతుంది. గీత ప్రకారం మూడు నాలుగు రోజుల్లో సగం అయిపోవాల్సింది 138 రోజులు పట్టింది. నువ్వు తప్పు గీశావనుకుని చెరిపేయొద్దు. పోలోనియం-210 లో సరిగ్గా 126 న్యూట్రాన్లు ఉంటాయి, అది కేంద్రకాలకి నిండుకుండ లాంటి సంఖ్య, మ్యాజిక్ సంఖ్య అంటారు. నిండిన కుండలోంచి రెండు న్యూట్రాన్లని లాగి ఆల్ఫా ముద్ద కట్టడమే కష్టం, గోడ దాటడం తర్వాతి మాట. గామోవ్ లెక్క ముద్ద ముందే తయారై ఉందనుకుని మొదలవుతుంది, ఇక్కడ ఆ అనుకోలు కాస్త బెసుకుతుంది. నీ గ్రాఫ్ ఫొటో తీసి పంపు, బాగుంటే వచ్చే నెల వేస్తాం.

ప్రశ్న: నేను పుత్తూరులో ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. పట్టిక చూస్తుంటే ఒక అనుమానం. రేడాన్-222 ఆల్ఫా శక్తి 5.49 ఎంఈవీ, అర్ధాయువు 3.8 రోజులు. అమెరీషియం-241 ది కూడా 5.49 ఎంఈవీయే, అర్ధాయువు మాత్రం 432 ఏళ్లు. శక్తి ఒకటే అయినప్పుడు అర్ధాయువు కూడా ఒకటే ఉండాలి కదండీ?

జవాబు: మాస్టారూ, మీరు పై కుర్రాడికి సరైన జోడీ. వాడు శక్తి మారితే ఏమవుతుందో అడిగాడు, మీరు శక్తి మారకపోతే ఏమవుతుందని అడుగుతున్నారు.

సొరంగం మొదలయ్యే ఎత్తు ఒకటే, కొండే వేరు. రేడాన్‌లో 86 ప్రోటాన్లు, అమెరీషియంలో 95. ప్రోటాన్లు ఎక్కువైతే తోపు ఎక్కువ, కొండ ఎత్తూ ఎక్కువ, అదే ఎత్తున మందమూ ఎక్కువ. మధ్యలో ఇంకొకర్ని నిలబెడితే విషయం తేటపడుతుంది: ప్లుటోనియం-238. దాని ఆల్ఫా శక్తి 5.50, ప్రోటాన్లు 94, అర్ధాయువు 87.7 ఏళ్లు. 1977లో పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకలకి కరెంటు ఇస్తున్నది ఇదే, వేడిని కరెంటుగా మార్చుకుని. రేడాన్‌కీ దీనికీ తేడా 8 వేల రెట్ల పైమాటే, అందులో దాదాపు అంతా ఆ ఎనిమిది ప్రోటాన్ల పుణ్యమే. యురేనియం-234, రేడియం-226 కూడా ఇలాంటి జంటే. ఆల్ఫా శక్తులు 4.77, 4.78. అర్ధాయువులు 2,45,000 ఏళ్లు, 1,600 ఏళ్లు. పిల్లలకి బోర్డు మీద రాయడానికి ఇది ఇంకా బాగుంటుంది.

ప్లుటోనియం 88 దగ్గర ఆగింది, మరి అమెరీషియం 432 దాకా ఎందుకు పోయింది? ఒక ప్రోటాన్ ఎక్కువ అనేది కొంత కారణం. ఇంకోటి, 95 బేసి సంఖ్య. కేంద్రకంలో ప్రోటాన్లు జతలుగా ఉంటాయి, బేసి అయితే ఒకటి ఒంటరిగా మిగిలిపోతుంది. ఆల్ఫా వెళ్లిపోయాక ఆ ఒంటరి ప్రోటాన్ కొత్త కేంద్రకంలో తనకి సరిపడే చోటు వెతుక్కోవాలి. అమెరీషియం-241 మారేది నెప్ట్యూనియం-237 గా, కానీ నూటికి 85 సార్లు నేరుగా అట్టడుగు స్థితికి పోదు, కాస్త పైనున్న మెట్టు మీద ఆగి, అక్కడి నుంచి 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వదిలి దిగుతుంది. అది తన పాత చోటుని పోలిన మెట్టు మరి. ఈ సర్దుబాటు వల్ల బేసి కేంద్రకాలు గీత చెప్పినదానికంటే ఆలస్యం చేస్తాయి. అందుకే గైగర్-నట్టాల్ గీత చక్కగా కుదరాలంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు రెండూ సరిసంఖ్య ఉన్నవాటినే తీసుకోవాలి, అదీ మూలకానికి ఒక గీత చొప్పున. పాఠ్యపుస్తకాల్లో ఈ షరతు రాయకుండా నియమం మాత్రం రాస్తారు. నాకు దాని మీద పాత కోపం ఉంది, పరీక్ష పేపర్లు దిద్దిన రోజుల నుంచి.

ఆ అమెరీషియం మీ పిల్లలు చూసే ఉంటారు, తెలియదంతే. పాతరకం అయనైజేషన్ స్మోక్ డిటెక్టర్లలో ఇది మైక్రోగ్రాములో మూడో వంతు కూడా లేకుండా ఉంటుంది.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. ఈమధ్యే వంటింటి గట్టుకి గ్రానైట్ వేయించాం. గ్రానైట్‌లో యురేనియం ఉంటుంది, రేడియేషన్ వస్తుంది, క్యాన్సర్ వస్తుంది అని వాట్సాప్‌లో వచ్చింది. మా అత్తగారు ఆ గట్టు మీద చపాతీ కూడా చేయనివ్వడం లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, అత్తగారికి ఈ పేజీ చూపించండి. యురేనియం ఉంటుంది అన్నది నిజమే. గ్రానైట్‌లో మామూలుగా పది లక్షల పాళ్లలో నాలుగైదు పాళ్లు ఉంటుంది. ఒక చదరపు మీటరు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న గట్టు దాదాపు 54 కిలోలు తూగుతుంది, అందులో యురేనియం ఓ పావు గ్రాము ఉంటుందనుకోండి. ఒక గ్రాము యురేనియం-238 సెకనుకి సుమారు 12,400 ఆల్ఫాలు వదులుతుంది, పావు గ్రాము అంటే మూడు వేలు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆల్ఫా కాగితం ముక్కని కూడా దాటలేదు. రాయిలో అయితే వెంట్రుక మందం కూడా పోకముందే ఆగిపోతుంది. గట్టు పైపొరలో పుట్టిన కొన్ని తప్ప అన్నీ రాయిలోనే సమాధి. వచ్చిన ఆ కొన్నీ చపాతీ పిండినే దాటలేవు. ఆల్ఫాల కంటే లోతుగా దూసుకుపోగల గామా కిరణాలు కాస్త వస్తాయి, అవి ఇంటి గోడల నుంచీ నేల నుంచీ కూడా వస్తూనే ఉంటాయి.

రాయిలోంచి బయటపడి గాలిలో కలవగలిగేది ఒక్కటే, రేడాన్ అనే వాయువు. పై రెండు జవాబుల్లో చెప్పిన శక్తికీ అర్ధాయువుకీ ఉన్న సంబంధం మన ఊపిరితిత్తుల దాకా వచ్చేది కూడా దీని దగ్గరే. యురేనియం ఒక్కో మెట్టుగా వేరే మూలకాలుగా మారుతూ పోయే వరసలో పుట్టే రేడాన్-222 ఆల్ఫా శక్తి 5.49, అందుకని 3.8 రోజులు బతుకుతుంది, రాయి పగుళ్లలోంచి నేలలోంచి మెల్లగా గాలిలోకి రావడానికి ఆ టైము చాలు. థోరియం వరసలో పుట్టే రేడాన్-220 శక్తి 6.29, కాబట్టి దాని అర్ధాయువు 56 సెకన్లు, చాలా భాగం నేలలోంచి బయటికి రాకముందే అయిపోతుంది. ఎనిమిది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల తేడా, ఒకటి ఇంట్లోకి వచ్చింది, ఇంకోటి దారిలోనే పోయింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక రేడాన్ నుంచి పుట్టే పోలోనియం-218, 214 అక్కడే అంటుకుని నిమిషాల్లో ఆల్ఫాలు వదులుతాయి, కాగితం దాటలేని ఆల్ఫా అక్కడ నేరుగా శరీర కణాల మీదే పడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగ తాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రేడాన్ ఒక ముఖ్య కారణం అంటుంది. కానీ ఆ రేడాన్‌లో పెద్ద భాగం వచ్చేది ఇంటి కింద నేల నుంచి, అదీ చలి దేశాల్లో కిటికీలన్నీ బిగించి, నేలమాళిగల్లో కూర్చునేవాళ్లకి. పాలిష్ పట్టిన గట్టు నుంచి వచ్చేది చాలా తక్కువ. చిత్తూరులో కిటికీ మూసుకుని వంట చేసేవాళ్లు ఉన్నారా? కిటికీ తీసి పెట్టండి, చపాతీలు చేసుకోండి.

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు ఒకటి ఉంది, కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల ఏళ్ల తేడా అని. ఇన్ని కోట్ల ఏళ్లని ఎవరు లెక్కపెట్టారు? యురేనియం అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు అంటారు, అన్నేళ్లు ఎవరు కూర్చుని చూశారు? - తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి

జవాబు: అయ్యా, ఆ మలుపు మీకు మా అందరికంటే బాగా తెలిసి ఉంటుంది. బోర్డులో ఉన్నది ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. కింద పాత గ్రానైట్, దాని మీద నేరుగా ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ పొరలు. పైవి దాదాపు 160 కోట్ల ఏళ్ల నాటివంటారు, కిందివి అంతకంటే కోట్ల ఏళ్లు పాతవి. మధ్యలో ఉండాల్సిన పేజీలు చిరిగిపోయిన పుస్తకం లాంటిది.

ఎవరూ కూర్చుని చూడక్కర్లేదు. పైన చెప్పిన గ్రాము యురేనియం తీసుకోండి. అందులో ఎన్ని అణువులు ఉన్నాయో బరువుని బట్టి తెలుసు. సెకనుకి ఎన్ని ఆల్ఫాలు వస్తున్నాయో కౌంటర్‌తో లెక్కపెడతాం. ఇన్ని అణువుల్లో సెకనుకి ఇన్ని పోతుంటే సగం పోవడానికి ఎంత కాలం పడుతుందన్నది ఇక గుణకారమే. డిపోలో ఒక్కరోజు టికెట్లు చూసి ఏడాది ఆదాయం అంచనా వేసేవాళ్లు కదా మీరు, అలాగే. బిస్మత్ అనే లోహం ఉంది, అల్సర్ మాత్రల్లో వాడతారు. అది అసలు విఘటనం చెందదనే అనుకునేవారు. 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు అది కూడా ఆల్ఫా విడుస్తుందని పట్టుకున్నారు. విడుదలయ్యే శక్తి 3.14 ఎంఈవీ మాత్రమే, అర్ధాయువు 2 పక్కన 19 సున్నాల ఏళ్లు, విశ్వం వయసుకి వంద కోట్ల రెట్లకు పైనే. గ్రాము బిస్మత్‌లో ఏడాదికి ఓ వంద అణువులు పోతాయి. మాత్ర మింగడానికి భయపడకండి.

ఇక రాయి వయసు. గ్రానైట్‌లో జిర్కాన్ అనే సన్నటి గింజలు ఉంటాయి. అవి గట్టిపడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తాయి, సీసాన్ని రానివ్వవు. కాబట్టి ఇప్పుడు లోపల సీసం ఉందంటే అది యురేనియం నుంచి పుట్టిందే. అందులో రెండు గడియారాలు ఒకేసారి నడుస్తుంటాయి: యురేనియం-238 ఎనిమిది ఆల్ఫాలు వదిలి సీసం-206 అవుతుంది, అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235 సీసం-207 అవుతుంది, అర్ధాయువు 70 కోట్ల ఏళ్లు. గింజ వయసు 250 కోట్ల ఏళ్లు అయితే మొదటిది నూటికి 68 పాళ్లు మిగిలి ఉంటుంది, రెండోది ఎనిమిదీ తొమ్మిదీ మధ్య. రెండు గడియారాలూ ఒకే టైము చూపిస్తే ఆ వయసు నమ్మొచ్చు. చూపించకపోతే మధ్యలో ఎప్పుడో వేడికి సీసం బయటికి పోయిందని అర్థం, అదీ ఒక సమాచారమే.

ప్రశ్న: రోహిణి కార్తెలో మా శ్రీకాళహస్తి ఎండకి రోళ్లు పగులుతాయి. అంత ఎండకి రాళ్లలో యురేనియం త్వరగా తరిగిపోదా సార్? - తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: తరగదు. మన ఎండ వేడిలో ఒక్కో అణువుకి అందే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు. లోపల ఆల్ఫాది 42 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, దాదాపు 17 కోట్ల రెట్లు. పైగా ఎండ తగిలేది అణువు బయట తిరిగే ఎలక్ట్రాన్లకి, ఆల్ఫా ఉండేది వాటికి ఎంతో లోతున. బెరిలియం-7 లాంటివి కొన్ని ఉన్నాయి, అవి తమ ఎలక్ట్రాన్‌నే మింగి మారిపోతాయి కాబట్టి చుట్టూ ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టి అర్ధాయువు కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, అది వేరే కథ. మీ ఊళ్లో రోలు పగిలితే పగలొచ్చు గానీ, రోట్లో ఉన్న యురేనియానికి ఎండాకాలం వచ్చిన సంగతే తెలియదు.